మిద్దె మీద స్ట్రాబెర్రీలు

ముత్తియాల్‌పేట ఎండ ఎట్టాంటిదంటే, మిద్దె మీద పరిచిన వడియాలు అక్కడికక్కడే వేగిపోయి, కాకులు దిగొచ్చి సాంబారు అడుగుతాయి. ఆ ఎండలో స్ట్రాబెర్రీ పండించాలని రాజాత్తి మొగుడు నరసింహన్‌కి బుద్ధి పుట్టింది. సునామీ వచ్చిపోయిన మరుసటేడు ఊటీ నుంచి నాలుగు మొక్కలు తెచ్చినాడు. "పొంగల్ అయినాక పండ్లిస్తానని మా మేనేజరుకి మాటిచ్చినా," అన్నాడు. మాటిచ్చింది ఆయన. తడి గోనెసంచితో నీడ కట్టేది, ఫ్రిజ్జు ఐసు కరిగించి పోసేది, కాయ మన్నుకి తగలకుండా కొబ్బరిపీచు పరిచేది రాజాత్తి.

పోయిన నెల, నెలనెలా వచ్చేది వచ్చి రాజాత్తి దూరమైంది. ఆ ఇంట్లో దూరమైన ఆడది మూడు దినాలు వెనక వరండాలో చాప మీదే ఉండాల. మొక్కని తాకితే మాడిపోతాదని అత్త కన్నియమ్మాళ్ మాట. మరి నీళ్లెవరు పోస్తారు? అత్త మోకాళ్లు మెట్లెక్కవు, మొగుడికి ఆఫీసు. మూడో దినానికి రెండు మొక్కలు అప్పళాలైపోయినాయి. "దీని నీడ పడుంటాది," అని అత్త వీధంతా చెప్పొచ్చింది. "మిగిలిన రెండూ పోయినాయంటే నువ్వు మీ అమ్మింటికి పోవచ్చు," అన్నాడు నరసింహన్, చొక్కా గుండీలు పెట్టుకుంటా.

ఈ నెల కాయలింకా పచ్చగుండంగానే రాజాత్తికి పొత్తికడుపులో మెలి మొదలైంది. దూరమైనట్టు అత్తకి చెప్పలా, వరండాలోకి పోలా. చెంబు తీసుకోని మిద్దెక్కింది. గబగబా ఎక్కితే సగం నీళ్లు మెట్లే తాగినాయి. అత్త చెప్పేది నిజమైతే? నా వేలు తగిలి ఈ ఆకు నల్లబడిపోతే? ఎనిమిదేండ్లుగా వింటావుండా, అందరూ అంటారు గదా, ఇంతమంది అబద్ధమాడతారా? కండ్లు మూసుకోని పోసింది. తెరిస్తే ఆకు ఆకుమాదిరే ఉంది. అయినా భయం పోలా. కింద అత్త దగ్గితే చెంబు కొంగు కిందికి పోయేది. గుడ్డలు ఉతికి, తడి చీర మడతల్లో దాచి ఆరేసేది. మూడు దినాలూ అంతే.

వారం తిరిగినాక రెండు కాయలు ఎర్రబడినాయి, చిలక ముక్కంత. రాజాత్తి కోసి గిన్నెలో కిందికి తెచ్చింది. ఆ పొద్దే కన్నియమ్మాళ్ గోడకున్న క్యాలెండరు ముందర నిలబడి వేళ్లు ముడుస్తా ఉంది.

"ఏమే రాజాత్తి, ఈ నెల నువ్వు వరండాలో కూర్చోలేదే?"

రాజాత్తి గిన్నె కింద పెట్టింది.

అత్త ముఖం వెలిగింది. "ఎనిమిదేండ్లకి దేవుడు కండ్లు తెరిచినాడురా నరసింహా. పక్కింటి భాగ్యానికి అప్పుడే చెప్పేసినా. మేనేజరు సంగతి తర్వాత. మొదటి పండు కడుపుతో ఉండేదానికే." ఒకటి రాజాత్తి చేతిలో పెట్టి, రెండోది దేవుడికి చూపించి తన నోట్లో వేసుకుంది. "మైల తగల్లేదు, అందుకే ఇంత రుచి."

నరసింహన్ నవ్వతా పెండ్లాం వైపు చూసినాడు, ఎనిమిదేండ్లలో మొదటిసారి. ఊరకుంటే ఇంకో నెల ఈ నవ్వు తనదే. రాజాత్తి పండుని కొరికింది. నమిలి మింగింది.

"నేను దూరమైనానత్తా, పోయిన వారమే. ఆ మూడు దినాలూ దీనికి నీళ్లు పోసింది నేనే."