వెతకనక్కర్లేని పేర్లు

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తీస్తూ శ్యామలాదేవి, "మీ దాంట్లో నా పేరు కొడితే వస్తుందా?" అని అడిగింది.

ల్యాప్‌టాప్ మీద గీతిక వేళ్లు ఆగాయి. పెళ్ళయిన ఆరేళ్లలో తన ఉద్యోగం గురించి అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న అది. ఫిల్మ్‌నగర్‌లోని ఆ ఫ్లాట్‌లో గీతిక ఆఫీసంటే వంటింటి గట్టు చివర, మిక్సీకీ గోడకీ మధ్యనున్న జానెడు చోటు. లోపలి గది భర్త సాయిశ్రీనివాస్‌ది. సీరియళ్లకు ఎడిటింగ్ చేస్తాడు, తలుపేసుకోవాలి, మధ్యలో ఎవరూ పిలవకూడదు. "నీదేముంది, ఎక్కడ కూర్చున్నా అయిపోతుంది" అంటాడు. వెటకారంగా కాదు, నిజంగానే అలా అనుకుంటాడు. కుక్కర్ కూత వేసేలోపు మీటింగులో తన వంతు మాట్లాడి ముగించడం, మైకు తెరిచే ముందు పోపు దించేయడం ఆమెకు ఎప్పుడో అలవాటైపోయాయి.

జూబ్లీహిల్స్‌లో ఉన్న వాళ్ల కంపెనీ పాత తెలుగు సినిమాలు చూపించే యాప్ నడుపుతుంది. ఎవరైనా ఒక పేరు కొడితే ఆ పేరున్న సినిమాలన్నీ వెతికి తెచ్చే సెర్చ్ ఇంజన్ బాధ్యత గీతికది. దానికి ఎన్ని సర్వర్లు కావాలి, ఏ వివరం వెతికితే దొరకాలి, ఏది దొరకనక్కర్లేదు, ఎవరికి ఎంతవరకు అనుమతి అన్నవన్నీ చేత్తో మీటలు నొక్కి అమర్చకుండా కోడ్‌గా ఫైళ్లలో రాసిపెడుతుంది. రేపు మొత్తం తుడిచిపెట్టుకుపోయినా ఆ ఫైళ్లు నడిపితే చాలు, అంతా మళ్ళీ లేచి నిలబడుతుంది. బాగా చేసినన్నాళ్లూ అలాంటి పని ఒకటుందనే ఎవరికీ తెలీదు. ఇల్లు తుడవడం లాంటిదే అది. తుడవని రోజే కనబడుతుంది.

"మీ పేరు సినిమాల్లో ఎందుకుంటుంది అత్తయ్యా?"

అన్నాక, అలా అనకుండా ఉండాల్సిందనిపించింది. శ్యామలాదేవి తలెత్తకుండానే చెప్పింది. పెళ్ళికి ముందు మద్రాసులో నాలుగేళ్లు డబ్బింగు చెప్పిందట, తెలుగు రాని హీరోయిన్లకు. ఏడుపు సీనుంటే పొద్దున్నే పిలిచేవారట, అప్పటికింకా గొంతు జీరగా ఉంటుందని. నిశ్చితార్థమైన వారానికి గీతిక మామగారు చలపతిరావు కబురు పంపాడు. మా ఇంటి కోడలు గొంతు అమ్ముకోదు అని. ఆయన పోయి కూడా తొమ్మిదేళ్లయింది. ఈ సంగతి సాయికి తెలుసా అని గీతిక అడిగితే, "వాడెప్పుడూ అడగలేదు" అంది శ్యామలాదేవి.

గీతిక శ్యామల అని కొట్టి చూసింది. పాత్రల పేర్లు వచ్చాయి, ఇద్దరు నటీమణులు వచ్చారు. "ఉండదులే" అంటూ అత్తగారు పళ్లెం తీసుకుని లేచిపోయింది.

ఎందుకు లేదో గీతికకు తెలుసు. రెండేళ్ల క్రితం పాత ప్రొడక్షన్ కాగితాల్లోంచి ఎక్కించిన వివరాల్లో డబ్బింగు వాళ్ల పేర్లకూ ఒక గడి ఉండేది. టీమ్ లీడ్ వరప్రసాద్, "వాళ్లనెవరు వెతుకుతారండీ, ఇండెక్స్ ఊరికే బరువు. ఆ గడి సెర్చ్‌కి అక్కర్లేదని పెట్టేయండి" అన్నాడు. ఆమె ఫైల్లో ఒక్క మాట మార్చింది. అంతే, కొన్ని వందల మంది ఉండీ లేకుండా పోయారు. చెప్పింది అతనే కావచ్చు, రాసిన చెయ్యి మాత్రం తనది. అసలు వివరాలు తెరిచి చూసుకుంటే, అత్తగారి పుట్టింటి ఇంటిపేరుతో కె. శ్యామల, పదకొండు సినిమాలు.

ఆ మాటను ఇప్పుడు వెనక్కి మార్చాలంటే సెర్చ్ చూసుకునే పట్టిక, అదే ఇండెక్స్, మొత్తం కొత్తగా కట్టాలి. మర్నాడు ఆఫీసులో చెబితే వరప్రసాద్ ముఖం వెలిగింది. కొత్త ఫీచర్‌లా చూపించుకోవచ్చు అన్నాడు. "ఆదివారం జనం తక్కువుంటారు, మీరు కట్టేయండి. సోమవారం మేనేజ్‌మెంట్‌కి నేను చూపిస్తాను." ఎప్పుడూ అంతే. ఫైళ్లు ఆమె రాస్తుంది, అవి అతని ఖాతా నుంచి నడుస్తాయి, ఎవరు చేశారన్న చోట అతని పేరే పడుతుంది. ఒకసారి సాయితో చెప్పుకుంటే, "టీమ్ అన్నాక అలాగే ఉంటుంది, ప్రతిదీ పట్టించుకోకు" అని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టింది. ఆ ఫైళ్లు ఏది కొత్తగా కడతాయి, ఏది తీసేస్తాయి అన్న జాబితా ముందుగా తెర మీదికి వచ్చింది. రెండుసార్లు చదివి, పాతదాన్ని కదిలించకుండా దాని పక్కనే కొత్తది లేపింది. అందులోకి సినిమాలు ఒక్కొక్కటే ఎక్కుతుంటే ఇడ్లీలు వేసింది, సాయికి రెండో కాఫీ ఇచ్చింది, బట్టలు ఆరేసింది. ఎంతవరకు వచ్చిందని అడిగేవాళ్లు లేరు. పదకొండింటికి సెర్చ్‌ను కొత్త ఇండెక్స్ మీదికి మళ్ళించి కె. శ్యామల అని కొట్టింది.

పదకొండూ వచ్చాయి.

ఫోన్ చేతికిస్తే శ్యామలాదేవి చాలాసేపు చూసింది. తర్వాత ఫోన్‌తోనే తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పిలుస్తుందేమోనని గీతిక తడి చేతులతో బయటే నిలబడింది. పిలవలేదు. లోపలినుంచి ఇరవయ్యేళ్ల అమ్మాయి గొంతు వినిపించింది. ఎవరినో దెప్పిపొడిచింది, అంతలోనే పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఈ ఇంట్లో గీతిక ఎప్పుడూ వినలేదు.

సాయి గదిలోంచి తల బయటపెట్టి, అమ్మను కాస్త సౌండు తగ్గించమన్నాడు. "అయినా గొంతు భలే ఉందే. ఎవరిది?"

"మీ అమ్మది."

వేళాకోళమనుకుని నవ్వి తలుపేసుకున్నాడు.

భోజనాలయ్యాక అత్తగారు ఫోన్ తిరిగిచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇది కట్టింది నువ్వని ఎక్కడ రాసుంటుంది?"

"ఎక్కడా ఉండదు అత్తయ్యా. వరప్రసాద్ గారి పేరుంటుంది."

"నన్నంటే మీ మామయ్య ఆపారు. నిన్నెవరు ఆపారే?"

సమాధానం కోసం ఆగకుండా నడుం వాల్చడానికి వెళ్ళిపోయింది. గీతిక సింకు ముందు నిలబడి ఆలోచించింది. వరప్రసాద్ అడిగాడు, తను ఇచ్చింది. సాయి ఊరుకోమన్నాడు, తను ఊరుకుంది. ఒక్కరు కూడా గొంతు పట్టుకుని ఆపలేదు.

గిన్నెలు అలాగే వదిలేసి మేనేజ్‌మెంట్‌కి మెయిల్ రాసింది, వరప్రసాద్‌కి కాపీ పెట్టింది. రెండేళ్లుగా మన సెర్చ్ ఫైళ్లన్నీ రాస్తున్నది నేను. ఈ ఉదయం మొత్తం కొత్తగా కట్టింది కూడా నేనే. ఇకమీదట నా పని నా ఖాతా నుంచే నడుస్తుంది. రేపు మీకు నేనే చూపిస్తాను.

మెయిల్ పంపేసింది. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. ఇంట్లో రెండు తలుపులూ వేసే ఉన్నాయి. రేపు అక్కడ నిలబడి ఏం మాట్లాడాలో గీతిక ఖాళీ వంటింట్లో ఒకసారి పైకి అనుకుని చూసుకుంది. మొదటిసారి మాట సరిగ్గా పెగల్లేదు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది.