లోపల నాతో ఎవరుండాలి

మిక్సీ తిరుగుతుండగా ఫోన్లో ముఖ్యమైన సంగతి మాట్లాడకూడదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు మిక్సీ దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. నేను గుమ్మం పక్కన నేల మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని స్నేహితురాలితో అంటున్నాను: "మిడ్‌వైఫ్‌ని చూసొచ్చామే. ఎంత నెమ్మదస్తురాలో! ఆయనకీ బాగా నచ్చింది. ఖాయం చేసేసుకున్నట్టే."

మిడ్‌వైఫ్ అంటే కాన్పులు చేయడానికి ప్రత్యేకంగా చదువుకున్న మనిషి. కానీ మిక్సీ రొదని దాటుకుని అత్తయ్య చెవిదాకా వెళ్ళేసరికి అది "మరో వైఫ్" అయింది. ఆ వాక్యాన్ని ఓసారి ఆవిడ చెవితో విని చూడండి. మరో వైఫ్‌ని చూసొచ్చాం, ఎంత నెమ్మదస్తురాలో, ఆయనకీ బాగా నచ్చింది. ఆవిడ స్థానంలో నేనుంటే మిక్సీ ఆపేసి ఏడ్చేదాన్ని. ఆవిడ ఏడవలేదు, ఆపనూ లేదు. జారులో ఉన్నది మెత్తబడి, వేడెక్కి, మాడిన వాసన వచ్చేదాకా అలా తిప్పుతూనే ఉంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

అప్పుడు తెలిసిందల్లా, మర్నాటి నుంచి ఇంట్లో గాలి మారిందని. నీళ్ళ బకెట్టు ఎత్తబోతే అత్తయ్య లాక్కుంది. "నువ్వు కూర్చో తల్లీ" అంది. తల్లీ! కాపురానికొచ్చినప్పటి నుంచి "అమ్మాయ్" తప్ప మరో పిలుపు ఎరగను. మామయ్య తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించారు, ఎక్కడ బోర్లించాలో తెలియక పుస్తకాల అరలో. నా కడుపు వీళ్ళకి ఏడో నెలకి కనబడిందని సంబరపడ్డాను. మొదటి కాన్పుకి ఈ భాగ్యం లేదు. అప్పుడు ఉదయం అందరికీ వండి, సాయంత్రం నొప్పులతో ఆటో ఎక్కాను.

ఆ మొదటి కాన్పు పెద్దాసుపత్రిలో జరిగింది. అక్కడ నన్నెవరూ పేరుతో పిలవలేదు, "కిటికీ పక్క మంచం" అన్నారు. తలుపు తోసుకుని వచ్చిన ప్రతివాళ్ళకీ నా దుప్పటి తొలగించే హక్కుంది, నాకు లేచి నాలుగడుగులు నడిచే హక్కు లేదు. "ఇంతకే అరుస్తావేం, మేమంతా కనలేదా?" అంది ఒకామె. నేను ప్రసవిస్తుంటే డాక్టరుగారు నా కాళ్ళ దగ్గర నిలబడి కుర్ర డాక్టర్లకి ప్రసంగించారు. కింద కోత పెడతామన్నప్పుడు బయటికి వెళ్ళి మా ఆయన్ని అడిగారు. ఆయన సంతకం చేశారు. ఎందుకు కోశారో ఈ రోజుకీ నాకెవరూ చెప్పలేదు. నేను అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం చేస్తాను. కాబట్టి నాకు తెలుసు, నొప్పులకీ ఒప్పులకీ మధ్య ఉన్నది ఒక్క నకారమే. ఆ నకారం పలికే వీలే నాకివ్వలేదు. నొప్పి నాది, ఒప్పుకోలు ఆయనది. మూడోనాడు పాపతో ఇంటికొస్తే "ఏ ఇబ్బందీ లేకుండా తేలిగ్గా అయిపోయింది" అని అందరికీ చెప్పుకున్నారు. ఎవరికి తేలికో ఎవరూ అడగలేదు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

నవ్వడం నాకు బాగా అలవాటు. ఈసారి సెలవు అడిగితే మా ప్రెస్సు యజమాని కళ్ళజోడు మీంచి చూసి "ఏమ్మా, రెండో ముద్రణా?" అన్నాడు. ఆఫీసంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. మాటల విరుపుల్లో నేను వాడికన్నా నాలుగాకులు ఎక్కువే చదివాను, కానీ నా కడుపు మీద నేను వేసుకోవలసిన జోకు వాడు వేశాడని సీట్లో కూర్చున్నాక కడుపు మండింది. లోపలున్నవాళ్ళకి కూడా మండినట్టుంది, గట్టిగా ఒక్క తన్ను తన్నారు.

ఆ మిడ్‌వైఫ్ నడిపే ప్రసూతి కేంద్రం ఓ పాత మేడ కింది వాటా. రెండు గదులు, పొట్టి మంచాలు, కూర్చుని ఊగడానికి పెద్ద రబ్బరు బంతి, కిటికీలకి ఉతికి ఉతికి వెలిసిన తెరలు. వెనక వీధిలోనే ఆసుపత్రి. మేం చూడ్డానికి వెళ్ళిన రోజు, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, ఆవిడ నా వైపు తిరిగి "ఎలా ఉంది?" అని అడిగింది.

"మాకు వాంతులు పూర్తిగా తగ్గాయండి. నిద్రే సరిగ్గా పట్టట్లేదు" అన్నారు మా ఆయన. ఎప్పుడూ అంతే. కడుపొచ్చింది మాకు, కాళ్ళు వాచింది మాకు. సగం సగం మోస్తున్నట్టే మాట్లాడతారు.

"మీకు తగ్గాయి, సంతోషం. మరి ఆవిడకి?"

అడిగి ఊరుకుంది. నేను అలవాటుగా ఆయన వైపు చూశాను. ఆయన నోరు తెరవబోయారు. ఆవిడ చెయ్యి కొంచెం ఎత్తింది, అంతే. ఫ్యాను తిరుగుతోంది, వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. ఆవిడకి తొందర లేదు. నేను చెప్పకపోతే నా జవాబు ఇంకెవరూ చెప్పని చోటు ఒకటుంటుందని నాకప్పటిదాకా తెలియదు. చివరికి నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "భయంగా ఉంది". ఆ తర్వాత ఇంక ఆగలేదు. దుప్పటి, కోత, కిటికీ పక్క మంచం అన్నీ వచ్చాయి. మా ఆయన నేల చూస్తూ విన్నారు. అవన్నీ ఆయన వినడం అదే మొదటిసారి.

ఆవిడ అంతా విని, పరీక్షలు చూసి, "ఇక్కడ కనడానికి మీకు అడ్డేం లేదు. బీపీ పెరిగినా, బిడ్డ తిరగాల్సినట్టు తిరక్కపోయినా నేనే వెనక వీధికి తీసుకెళ్తా. అప్పుడు మొండికేస్తే మాత్రం వినను" అంది. లేచి వస్తుంటే మళ్ళీ అడిగింది. "ఆ రోజు లోపల మీతో ఎవరుండాలి? ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఆలోచించుకోండి."

దారి పొడుగునా మా ఆయన మెచ్చుకున్నారు. ఆఫీసులో ఎవరేమన్నారో, వారం తిరిగేసరికి "పెద్ద డాక్టర్లుండగా మనకెందుకీ ప్రయోగాలు? ఆదివారం చెల్లిని కూడా అమ్మ రమ్మందిట. అందరం కూర్చుని తేల్చుకుందాం" అన్నారు. మళ్ళీ నా కడుపు మీద కమిటీ. ఒక్కరు గట్టిగా కాదంటే చాలు, మళ్ళీ ఆ కిటికీ పక్క మంచమే.

ఆదివారం హాల్లో అందరూ చేరారు. మామయ్య గొంతు సవరించుకున్నారు. "ఒరేయ్, ఎప్పట్నించి సాగుతోంది ఇది?"

"నాలుగో నెల నుంచి అనుకుంటున్నాం నాన్నా. ముందు మీ కోడలే చూసింది."

"వదినే చూసిందా!" మా ఆడపడుచు సోఫాలోంచి సగం లేచింది. "వయసెంత అన్నయ్యా ఆవిడకి?"

"యాభై దాటుంటాయి. మనవలు కూడా ఉన్నారు."

అత్తయ్య పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామయ్యకి మాట తడబడింది. "ఆవిణ్ణి... ఈ ఇంటికి..."

"ఇంటికైనా వస్తానంది నాన్నా. మనకే చోటు చాలదని అక్కడే కానిద్దామనుకున్నాం."

"నిండు మనిషిని ఎదురుగా పెట్టుకుని మరో వైఫ్ ఏంట్రా నీకు, సిగ్గులేనోడా!" అత్తయ్య ఒక్క కేక వేసింది.

విషయం అర్థం కావడానికి నాకు రెండు క్షణాలు పట్టింది, నవ్వు ఆపుకోడానికి ఇంకా ఎక్కువ పట్టింది. "మరో వైఫ్ కాదు అత్తయ్యా, మిడ్‌వైఫ్! మంత్రసాని. చదువుకున్న మంత్రసాని!"

హాలంతా గలగల్లాడింది. మా ఆయన తెల్లబోయారు. మామయ్య కుర్చీలో వెనక్కి వాలారు. "ఓస్, పురుడు సంగతా! దీనికింత పంచాయితీ ఎందుకు? మొదటిది ఎక్కడైందో ఇదీ అక్కడే." మా ఆయన తలూపారు. ఆడపడుచు హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంది.

అప్పుడు పోయింది నా నవ్వు. వారం రోజుల బకెట్లూ, తల్లీ అన్న పిలుపూ నేను మోస్తున్న బిడ్డకి కావు, లేని సవతికి. మొగాడు జారిపోతున్నాడంటే ఇల్లంతా సభ చేసింది. నేను ఎలా కనాలన్నదానికి ఒక్క ఓస్ సరిపోయింది.

నాకు వాదించడం రాదు. ఆ మిడ్‌వైఫ్ దగ్గర చూసిన పని ఒక్కటే వచ్చు. "అత్తయ్యా, ఈయన పుట్టినప్పుడు లోపల మీతో ఎవరున్నారు?" అని అడిగాను.

"అందరం ఉన్నాం కదమ్మా. మాకేం ఇబ్బంది కాలేదు" అన్నారు మామయ్య.

"మీకు కాలేదు మామయ్యా, సంతోషం. అత్తయ్యకి?"

అడిగి ఊరుకున్నాను. మామయ్య మళ్ళీ ఏదో అనబోతే, ఆశ్చర్యం, మా ఆయన చెయ్యి కొంచెం ఎత్తారు. అత్తయ్య చెంగు అంచు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఆడపడుచు బ్యాగు మెల్లగా కిందపెట్టింది.

"ఎవరూ లేరు" అంది అత్తయ్య చివరికి. "మీరంతా బయటున్నారు. మంచినీళ్ళడిగితే కన్నాక తాగుదువులే అన్నారు. చెయ్యి పట్టుకోడానికి ఎవరూ లేక మంచం కమ్మీ పట్టుకున్నా. చల్లగా ఉండింది. వీణ్ణి తుడిచి బయటికి తీసుకెళ్ళిపోయారు. మగపిల్లాడని మీ కేకలు వినబడితే నాకు తెలిసింది. నేను కన్నాను, కళ్ళారా చూసింది మాత్రం ముందు మీరంతా."

మామయ్య ఆవిడ వైపు తిరిగారు. "ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎప్పుడడిగారు?"

అత్తయ్య నా వైపు జరిగింది. "అమ్మాయ్, ఆ చోట లోపలికి నన్ను రానిస్తారా?"

"నేను ఎవర్ని రమ్మంటే వాళ్ళని రానిస్తారు అత్తయ్యా."

"మరి రమ్మంటావా?"

తొందరపడలేదు నేను. ఎన్నేళ్ళుగానో నా తరఫున అందరూ చెప్పేసిన జవాబుల తర్వాత ఇది నేను చెప్పే జవాబు. "రండి. నేనక్కడే కంటాను, మీ చెయ్యి పట్టుకుని" అన్నాను.

"మరి నేనో?" అన్నారు మా ఆయన.

"మీరూ రావచ్చు. లోపల 'మాకు' అనకూడదు."

అత్తయ్య ఆ సవతి వార్తని వారంలో ఎంతమందికి చేరవేసిందో ఆ సాయంత్రం తెలిసింది. ఫోన్ పట్టుకుని కూర్చుని, తన పెద్దాడపడుచు మొదలుకొని ఎదురింటి టైలరమ్మదాకా ఒక్కొక్కరికీ సర్దిచెప్పుకుంటూ వచ్చింది. నేను బకెట్టు ఎత్తబోతే, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వచ్చి లాక్కుంది.

"అయ్యో, కాదమ్మా, నేనే తప్పు విన్నా. మరో వైఫ్ కాదు, మిడ్‌వైఫ్, మన మంత్రసాని లాగా. మావాడు తెచ్చుకున్న మనిషి కాదు. మా కోడలు ఎంచుకున్న మనిషి."