మాంత్రికుడి చేతిలో దీపం

బొమ్మ చూపుడువేలంత ఉంది. నీలం అంగీ తొడుక్కున్న మాంత్రికుడు గుండెల దగ్గర చిన్న దీపం పట్టుకుని నిలబడ్డాడు. మహిమ దాన్ని పాత గుడ్డలో చుట్టి, పది నెలల పాపను చంకనేసుకుని, కడపలో బస్సు దిగి కేశవయ్య బొమ్మల అంగడికి వచ్చింది.

కేశవయ్య కళ్ళద్దాలు సవరించుకుని బొమ్మను అటూ ఇటూ తిప్పాడు.

"దీపం వెలుగు మొగం మీద పడాల అని గదమ్మా నేను చెప్పింది. వీడేమో పసుపునీళ్ళు పోసుకుని ఎండలో నిలబడినట్టుండాడు."

గల్లా పక్కన కూర్చున్న ఆయన భార్య సుందరలక్ష్మి నవ్వింది. "పెండ్లికొడుకు మాదిరి ఉండాడులే."

మహిమకు నవ్వు రాలేదు. రెండేండ్లుగా ఆమె ఈ అంగడి వెనక గదిలో బొమ్మలకు మొదటి పూత పూస్తోంది. పాప పాకడం మొదలెట్టాక పని సాగడం లేదు. మొన్ననే ఎర్రరంగులో ముంచిన గుడ్డ నోట్లో పెట్టుకోబోయింది. ఇంట్లో వదిలిపెడదామంటే అందరూ కూలికి పోయేవాళ్ళే. మొహాలు దిద్దేవాళ్ళకు మాత్రం పని ఇంటికిస్తారు. పాప ఉయ్యాల్లో నిద్రపోయినంతసేపు చేసుకోవచ్చు. ఈ మాంత్రికుడు కుదిరితే ఆమెకూ అట్లాగే ఇస్తానన్నాడు కేశవయ్య. కుదరకపోతే పని మానుకోవడమే.

"ఇంకొక్క దినం ఇయ్యండి శెట్టిగారూ."

"తీస్కపో. దీన్నే సరిచెయ్యి, ఇంకోటి ఇయ్యను."

ఆ సాయంత్రం అన్నం పొయ్యిమీద ఉండగానే కరెంటు పోయింది. అత్త జ్ఞానమణి బుడ్డిదీపం వెలిగించి గుండెలకు దగ్గరగా పట్టుకుని లోపలినుంచి వచ్చింది.

"అత్తా, ఆడ్నే నిలబడు. కదలొద్దు."

"ఏమే, తేలుందా?"

"లేదులే. దీపం ఇంచుక కిందికి పట్టు."

అత్త గడ్డం కింద వెలుగు. ముక్కుపుటాల కింద వెలుగు. నుదురు మాత్రం చీకటి, వెంట్రుకలైతే కనబడనే లేదు. వేళ్ళు దీపం వైపు ఎర్రగా, ఇవతలి వైపు నల్లగా ఉన్నాయి.

"అన్నం మాడిపోతాది. నేనేమన్నా బొమ్మనా?"

"ఈ పూటకు నువ్వే మాంత్రికుడివి అత్తా."

"అయితే మీసాలు కూడా పెట్టు."

మహిమకు తన తప్పు తెలిసింది. అంగట్లో ఏ బొమ్మకైనా నుదురు, ముక్కు దూలం, భుజాలు తేటగా తేల్చడం అలవాటు. బొమ్మల కొలువు మెట్ల మీద వాటికి వెలుగెప్పుడూ పైనుంచే. చెయ్యి ఆ అలవాటు ప్రకారమే పోయింది. పైన ఎండ కాస్తుంటే చేతిలో దీపం ఎవరికి కనబడుతుంది?

పొద్దున్నే నుదుటి మీది తెలుపు తీసేసింది. బొమ్మంతా ముదురు నీలంలో ముంచినట్టు చీకటి చేసి ఆరనిచ్చింది. ఆ తర్వాత దీపమున్న చోట తన కన్నుందనుకుంది. అక్కడినుంచి కనబడేదానికే వెలుగు, కనబడనిదానికి లేదు. ఒకచోట ఇంకా ఆరని నీలం మీద పసుపు తగిలి ఆకుపచ్చగా మారితే తుడిచి, ఆరాక నారింజ రంగు పట్టించింది. దీపానికి దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా. తెల్లచుక్క ఒక్కటే, వత్తి కొసన. పాప నడుమ రెండుసార్లు లేచింది.

మరుసటిరోజు కేశవయ్య బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. అంగడి మూలకు, వెలుతురు లేనిచోటికి తీసుకుపోయాడు. మహిమ పాప కాలిగొలుసు పట్టుకుని ఊరికే తిప్పుతూ నిలబడింది.

సుందరలక్ష్మి తొంగిచూసింది. "ఇంత నల్లగుంటే ఎవరు కొంటారు?"

"నల్లగుండబట్టే గదే వెలుగుతాండాది," అన్నాడు కేశవయ్య. అటకమీదినుంచి అట్టపెట్టె దించి, దూది పరిచి, ఇంకా మొహాలు దిద్దని మాంత్రికులను పన్నెండుమందిని వరుసగా పడుకోబెట్టాడు. "ఇవి ఇంటికి తీస్కపో. మిగతా బొమ్మలకు మాత్రం ఈ చీకటి పెట్టొద్దు తల్లీ."

"బస్సులో పగిలితే ఎట్ల శెట్టిగారూ?"

"పెట్టె నాకియ్యి," అంది సుందరలక్ష్మి, చెప్పులేసుకుంటూ. "బస్టాండుదాకా నేనొస్తా. నువ్వు పిల్లను సరిగా పట్టుకో."