కడగని గీత

నేను ఒక పింగాణీ ముక్కను. పోస్టుకార్డులో సగం ఉంటాను, అరచేతిలో హాయిగా ఇమిడిపోతాను. మీ ఇంట్లో కప్పులూ సాసర్లూ నిగనిగలాడుతుంటాయి చూడండి, ఆ నిగారింపు పూత నాకు లేదు. బొహీమియాలో ఒక కప్పుల కార్ఖానాలో పుట్టాను. మొదటిసారి కాల్చిన తర్వాత, పూత తొట్టిలో ముంచకముందే నన్ను పక్కకు తీసి, గరుకుగానే ఉంచి, గడ్డి చుట్టి వియన్నాకు పంపారు. నాతోపాటు కాలిన అక్కచెల్లెళ్లంతా దొరల బల్లల మీద కాఫీ మోయడానికి వెళ్లారు. నాకు మాత్రం ఆ గరుకుతనమే ఉద్యోగం ఇప్పించింది.

ఆ ఉద్యోగం ఏమిటో చెప్తాను. మీ కంసాలి దగ్గర బంగారం గీసి చూసే నల్లటి గీటురాయి ఉంటుంది కదా. నేను దానికి తెల్లటి చుట్టాన్ని. ఏ రాయిని నా మీద గీసినా దాని పొడి గీతలా అంటుకుంటుంది. రాయి పైరంగును నమ్మడానికి వీల్లేదు. గాలి తగిలి, తడి తగిలి నానా వేషాలు వేస్తుంది. పొడి రంగు మాత్రం మారదు. బంగారంలా తళతళలాడి అమాయకుల్ని పిచ్చెక్కించే రాయి ఒకటుంది, దాన్ని నా మీద గీస్తే బొగ్గులాంటి గీత పడుతుంది. ఉక్కులా నల్లగా మెరిసే ఇనుపరాయిని గీస్తే ఎర్రటి గీత పడుతుంది. ఎంత పొగరుబోతు రాయైనా నా దగ్గరకొచ్చి నిజం కక్కవలసిందే. ఆస్ట్రియా పింగాణీకి తెలుగెలా వచ్చిందని అడగకండి. ఇన్నేళ్లు నోరు మూసుకుని పడి ఉన్నదానికి ఏదో ఒక భాషలో చెప్పుకోవాలనిపించదా?

నన్ను గడ్డిలోంచి తీసిన చెయ్యి అలోయిస్ ట్రెఫ్నర్ గారిది. కరింథియా కొండల్లో గుర్రపు జీనులు కుట్టేవాడి కొడుకు. గనుల బడిలో చదివి, సీసం గనిలో ఆరేళ్లు ఓవర్సీరుగా పనిచేసి, ముప్ఫై ఒకటో ఏట వియన్నాలో ఒక రాళ్ల సంగ్రహాలయానికి చిన్న అధికారిగా వచ్చారు. ఆ రోజుల్లో రాళ్ల పండితులు రెండు జట్లు. ఒక జట్టు రాయిని ఆమ్లంలో కరిగించి లోపల ఏముందో చూస్తుంది. రెండో జట్టుకు అది మోటుపని. రాయి ఆకారం, గట్టిదనం, బరువు, గీత, ఇవి చాలంటుంది. ట్రెఫ్నర్ గారిది రెండో జట్టు. మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడానికి అతన్ని ఉడకబెట్టి చూస్తామా అని విద్యార్థులను నవ్వించేవారు. నేను ఆ మాటకు పడిపోయాను. ఆయనకు నేనంటే నమ్మకం, నాకు ఆయనంటే ప్రాణం. నా మాట ఏదైతే అది ఆయన పుస్తకంలోకి ఎక్కేది.

మా గదిలో ఇంకో మనిషి ఉండేది. పేరు జెన్‌జీ. సీసం గని దగ్గర పన్నెండో ఏటి నుంచి మంచి రాయినీ వట్టి రాయినీ చేత్తో ఏరిన మనిషి. ఆమె చేతుల పనితనం తెలిసినవారు కనుక ట్రెఫ్నర్ గారే పనిగట్టుకుని ఆమెను వియన్నాకు పిలిపించారు. నాలుగు వేల రాళ్లు, ఒక్కో రాయికి ఒక్కో డ్రాయరు, ఒక్కో చీటీ. వాటి దుమ్ము దులపడం, బయటికి తీసిన రాయిని తిరిగి దాని చోట పెట్టడం, మమ్మల్ని కడగడం ఆమె పని. మేం పదకొండు పలకలం. సన్నటి ఇసుక, పుల్లటి సిర్కా వేసి, బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో కడిగి కిటికీ గట్టున ఆరబెట్టేది. స్నానం చేయించడమంటే అదీ. తన చేతిలో ఒక్క రాయి కూడా డ్రాయరు మారలేదన్నది ఆమెకున్న ఒకే ఒక గొప్ప. తలుపు దగ్గరికి వచ్చిన పాలవాడికి కూడా ఆ మాట చెప్పేది.

అసలు సంగతి ఒక గురువారం పొద్దున జరిగింది. ముందురోజు విద్యార్థులు నా మీద హరిదళం అనే పసుపురాయి గీశారు. పచ్చటి పసుపురంగు గీతలు. కోటు చేతులతో పైపైన తుడిచేసి పోయారు. కంటికి ఆనీ ఆనని పసుపు పొర నా ఒంటి మీద మిగిలిపోయింది. జెన్‌జీ పది పలకలు కడిగి, నన్ను చివరికి ఉంచి బకెట్టు పక్కన పెట్టింది. అంతలో ట్రెఫ్నర్ గారు గబగబా వచ్చారు. ఏదో కొండ ఊరి పాదిరీ పంపిన నల్లరాయి ఆయన చేతిలో ఉంది. పొడవాటి స్ఫటికాలతో చూడముచ్చటగా ఉంది. చేతికి అందిన పలకను, అంటే నన్ను, లాక్కుని కిటికీ దగ్గర గీశారు.

నల్లరాయి నల్లగానే చెప్పింది. కానీ కింద నా ఒంటి మీది పసుపు ఉంది కదా. నలుపూ పసుపూ కలిసి ఆలివ్ కాయ రంగులో ఒక ఆకుపచ్చ గీత పడింది. అలాంటి రాయికి అలాంటి గీత ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన ఊపిరి బిగబట్టడం నాకు తెలిసింది.

"అయ్యగారూ, ఆ పలక ఇంకా కడగలేదండీ" అంది జెన్‌జీ వెనక నుంచి.

ఆయన తల తిప్పలేదు. ఎడమ చెయ్యి మాత్రం పైకెత్తారు. ఆగు అని. ఆమె ఆగింది. గుడ్డ పిండుకుంటూ తన పనిలో పడింది. ఆయన ఆ మాట విన్నారా, ఆనందంలో చెవికెక్కలేదా అని నేను ఏళ్ల తరబడి నాతో నేనే వాదించుకున్నాను. వినలేదనే తీర్పు చెప్పుకున్నాను ప్రతిసారీ. ప్రాణంగా చూసుకున్నవాళ్ల విషయంలో న్యాయం అలాగే చెప్పుకుంటాం కదా.

ఆ రాయి మీద ఆయన పద్నాలుగు పేజీల వ్యాసం రాశారు. కొత్త ఖనిజం అన్నారు. తాను కనిపెట్టిన రాయికి తన పేరు తానే పెట్టుకోవడం ఆ వృత్తిలో మర్యాద కాదు. ఇంకొకరు పెట్టాలి. ప్రాగ్‌లో ఉన్న స్నేహితుడు దానికి ట్రెఫ్నరైట్ అని నామకరణం చేశాడు. ఆ స్నేహితుడికి ఆ ఆలోచన ఇస్తూ ట్రెఫ్నర్ గారు రాసిన ఉత్తరం ఎగిరిపోకుండా బరువు పెట్టింది నన్నే. మరుసటి ఏడాది ఆ స్నేహితుడి పేరు కూడా ఒక రాయికి పడింది. అందరూ మర్యాదస్తులే.

ఆ తర్వాత ఆయన ఎదుగుదల ఇంతా అంతా కాదు. ప్రొఫెసర్ అయ్యారు, దర్బారు బిరుదు వచ్చింది, గడ్డం పెరిగింది, గడ్డం కింద పతకం వచ్చింది. ఒకసారి జెన్‌జీ నన్ను కడగబోతే, ముట్టుకోకు, అది చరిత్ర అన్నారు. ఆ రోజు నుంచి నాకు స్నానం లేదు. దుమ్ము దులిపేటప్పుడు ఆమె నా వైపు అదోలా చూసేది. "పెద్దాయన మళ్లీ గీసి చూసుకునే ఉంటాడులే" అని ఒకసారి తనలో తాను అనుకుంది. ఆమెకు ఆయన మీద అంత నమ్మకం. కొండ ఊళ్లో చెల్లెలికి ఉత్తరం రాయించినప్పుడల్లా, ఆ పేరున్న రాయి మా గదిలోదే అని రాయించేది.

పంతొమ్మిదేళ్లు గడిచాక సాక్సనీ నుంచి ఒక రసాయన పండితుడి ఉత్తరం వచ్చింది. ఆయన ట్రెఫ్నరైట్ ముక్క ఒకటి అడిగి తెప్పించుకున్నాడు. ఎదటి జట్టువాడు కదా, కరిగించి చూశాడు. మామూలు మాంగనీసు రాయి తప్ప ఇందులో ఏమీ లేదు, గీత కూడా నల్లగానే పడుతోంది, ప్రొఫెసర్ గారు దయచేసి అసలు రాయిని పెద్దల ముందు మరోసారి గీసి చూపిస్తారా అని ఎంతో వినయంగా రాశాడు. సోమవారం ముగ్గురు పెద్దలు వస్తారని కబురు వచ్చింది.

శనివారం మధ్యాహ్నం ట్రెఫ్నర్ గారు గది తలుపు వేసుకున్నారు. డ్రాయరులోంచి రాయి తీశారు. కొత్త పలక మీద గీశారు. నలుపు. నన్ను తీసుకుని, శుభ్రంగా ఉన్న ఒక మూల గీశారు. నలుపే. నా నోటితో నేను నిజం చెప్పాను, ఈసారి ఏ కల్తీ లేకుండా. ఆయన కుర్చీలో కూలబడ్డారు. పొరపాటు పడ్డాను అంటే సరిపోతుంది కదా అనుకున్నాను. ఒక వారం నవ్వుకుంటారు, రెండు వారాలు నవ్వుకుంటారు. జీను కుట్టేవాడి కొడుకు అంతమాత్రం ఓర్చుకోలేడా? నా పింగాణీ బుర్రకు అంతకన్నా తోచలేదు.

అప్పుడు ఆయన నన్ను చూస్తూ నెమ్మదిగా అన్నారు. "అయ్యగారూ, ఆ పలక ఇంకా కడగలేదండీ."

అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు. జెన్‌జీ యాసలోనే, ఆయన ఎప్పుడో వదిలేసిన ఆ కొండ యాసలోనే. పంతొమ్మిదేళ్లు ఆ మాట ఆయన చెవిలోనే ఉంది. ఇన్నాళ్లూ ఆయన తరఫున వాదించిన నాకు అప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నన్నింత మోసం చేసినవాళ్లు ఇంకెవరూ లేరు.

చేతిరుమాలు తడిపి, మూలన పడిన కొత్త నల్లగీతను తుడిచేశారు. పాత ఆకుపచ్చ గీతను ముట్టుకోలేదు. రాయిని కోటు జేబులో వేసుకుని బయటికి వెళ్లారు. వచ్చేటప్పుడు జేబు తేలిగ్గా ఉంది. ఊరి మధ్య కాలవ చాలా లోతని తర్వాత ఎవరో అనగా విన్నాను.

సోమవారం ముగ్గురు పెద్దలూ వచ్చారు. జెన్‌జీ డ్రాయరు లాగింది. చీటీ ఉంది, రాయి లేదు. ఆమె పక్క డ్రాయరు లాగింది, పై డ్రాయరు లాగింది.

"శనివారం పొద్దున దుమ్ము దులిపానండీ. ఉందండీ" అంది.

"ఉందని అనుకుంటున్నావు జెన్‌జీ" అన్నారు ట్రెఫ్నర్ గారు మెత్తగా.

ఆ తర్వాత పెద్దల వైపు తిరిగి, ఆమెకు వయసు మీద పడిందనీ, ఈమధ్య రాళ్లు తారుమారు చేస్తోందనీ, సాక్సనీకి పంపిన ముక్క కూడా ఆమె కట్టిన పొట్లమే కనుక అది వేరే రాయి అయి ఉంటుందనీ, ఆమెను కోప్పడవద్దనీ, తనకు ఇరవై ఏళ్లు సేవ చేసిందనీ చెప్పారు. ఆమె ఆయనకన్నా రెండేళ్లు చిన్నది. పెద్దలు ఆయన మంచి మనసును మెచ్చుకున్నారు. ఆ మంచితనం నాకు ఆ అబద్ధం కంటే ఎక్కువ మంట పుట్టించింది. ఆపైన నన్ను తెచ్చి బల్ల మీద పెట్టారు. అసలు రాయి పోయింది కాబట్టి లోకంలో దానికి మిగిలిన సాక్ష్యం ఈ గీత ఒక్కటే అన్నారు. ముగ్గురూ వంగి చూసి తలలూపారు. నిజం చెప్పడానికి పుట్టినదాన్ని, నా ఒంటిమీది మురికితోనే ఆమె మీద సాక్ష్యం చెప్పాను.

జెన్‌జీ ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. కడగని పలక సంగతి ఆమెకు గుర్తులేదని నేను అనుకోను. ఆ మాట ఆయనే అంటారని చివరిదాకా ఎదురుచూసింది. ఆయన గడియారం చూసుకున్నారు.

ఆమెను పనిలోంచి తీసేసి, సాయంత్రానికి తన గది ఖాళీ చేయమన్నారు. వెళ్లేముందు ఆమె మిగిలిన పది పలకలూ కడిగి కిటికీ గట్టున ఆరబెట్టింది. నా వైపు చెయ్యి చాచి, వద్దన్న మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. మూటలో రెండు జతల బట్టలు తప్ప ఏమీ లేవని కాపలావాడు విప్పి చూసి నిర్ధారించుకున్నాడు. పోయిన రాయి అందులో ఉందేమోనని.

ట్రెఫ్నర్ గారు ఇంకో పన్నెండేళ్లు గౌరవంగా బతికి కన్నుమూశారు. మెట్ల దగ్గర ఆయన పాలరాతి తల పెట్టారు. నన్ను మఖ్మల్ మీద పడుకోబెట్టి గాజుపెట్టెలో పెట్టారు. పక్కన కాగితం. ఈ పలక మీది గీత ట్రెఫ్నరైట్‌కు మిగిలిన ఏకైక ఆనవాలు, అసలు రాయి ఒక పనిమనిషి అజాగ్రత్త వల్ల పోయింది అని దాని మీద ఉంటుంది. బడిపిల్లల్ని వరసగా తెచ్చి చూపిస్తారు. పనిమనిషి అన్న మాట దగ్గర పంతుళ్లు కాస్త ఆగి, జాగ్రత్త ఎంత ముఖ్యమో చెబుతారు.

ఒక ఆదివారం నల్ల రుమాలు కట్టుకున్న ముసలామె వచ్చింది. నడుం వంగింది, కానీ ఆ చేతుల్ని నేను పోల్చుకోలేనా? కాగితాన్ని గాజు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. చివరి వాక్యం రెండుసార్లు చదివింది. కాపలా కుర్రాడు వచ్చి, అద్దం మీద చెయ్యి పెట్టకూడదమ్మా అన్నాడు. ఆమె చెయ్యి తీసేసింది.

"దీన్ని ఇంకా కడగలేదా బాబూ?" అంది.

అతను నవ్వాడు. "కడిగితే ఇంకేం మిగులుతుందమ్మా?"

"పలక మిగులుతుంది" అంది జెన్‌జీ.

అతనికి అర్థం కాక ఇంకో గదిలోకి వెళ్లిపోయాడు. ఆమె తల రుమాలు కొస నోటితో తడిపి, అద్దం మీద పడిన తన వేలిముద్రను మచ్చ లేకుండా తుడిచేసి వెళ్లిపోయింది.