పెట్టె ఆపిందెవరు?

"పెట్టె మళ్లీ ఆపేశారు," అంది డాక్టరమ్మ.

వరసగా మూడు పరీక్షల్లోనూ అదే మాట. మెకానిక్ గోడ వంక చూశాడు. అతని భార్య అతని వంక చూసింది.

పదకొండేళ్లుగా అతనికి కుడి కంటి వెనక నొప్పి. రోజుకు నాలుగుసార్లు వచ్చేది, వస్తే గంట. ఆ గంటా నుదురు గోడకేసి కొట్టుకునేవాడు. మందులు, సూదులు, ఆక్సిజన్ అన్నీ అయ్యాక ఈ ఆస్పత్రిలో పుర్రెకు రంధ్రం చేసి మెదడులోకి తీగ దింపారు. దాన్ని చర్మం కిందుగా తెచ్చి, ఛాతీ దగ్గర అమర్చిన పెట్టెకు కలిపారు. పెట్టె తీగలోకి కరెంటు పంపుతుంది. అందరికీ పనిచేస్తుందని చెప్పలేమన్నారు. ఇతనికి పనిచేసింది. ఇంట్లో ఉన్న రెండు నెలలూ నొప్పి లేదు. దుకాణం తెరిచాక మళ్లీ మొదలైంది.

"నేను ముట్టుకోలేదు మహాతల్లీ!" అన్నాడు మెకానిక్.

"పెట్టె నడుస్తోందో లేదో రిమోటుతో చూసుకోమన్నాం కదా?"

"పాడవుతుందని బీరువాలో పెట్టానండీ," అంది భార్య.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "వచ్చే నెలా ఇలాగే ఉంటే తీసేద్దాం. వాడని పెట్టె ఒంట్లో ఎందుకు?"

మర్నాడు భార్య రిమోటు మీది మూడు కవర్లూ విప్పి, దుకాణానికి వెళ్లి స్టూలు మీద కూర్చుంది.

"కాపలానా?"

"కాపలాయే. మీ పని మీరు చేసుకోండి."

పది గంటలకు అతని ఛాతీకి రిమోటు పెట్టి చూసింది. పెట్టె నడుస్తోంది. అతను లౌడ్‌స్పీకరుకు కొత్త అట్ట అతికించాడు. ఆరాక దాన్ని ఛాతీకి హత్తుకుని, బొటనవేళ్లతో అట్టను నొక్కి వదిలాడు. అట్ట సరిగ్గా కుదరక లోపలి తీగచుట్ట రాసుకుంటే ఆ గరగర చెవి కన్నా ముందు ఛాతీకి తెలుస్తుందని అతని లెక్క. అతను స్పీకరు దించగానే ఆమె మళ్లీ చూసింది. పెట్టె ఆగిపోయింది.

"ఏమండీ! దాని వెనక ఉన్నది అయస్కాంతం కాదూ?"

"అది లేకపోతే స్పీకరు మోగదే."

"అయస్కాంతం దగ్గరికి రానివ్వొద్దని కాగితం మీద రాసిచ్చారుగా?"

"అది అయస్కాంతం సంగతి. ఇది స్పీకరు."

ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. "ఏం పని చేస్తారని డాక్టరమ్మ అడిగితే ఏం చెప్పారు?"

"మెకానిక్‌నని చెప్పా. అబద్ధమా?"

"ఆవిడ బండ్లు బాగుచేస్తారనుకుంది మహానుభావా!"

రిమోటు నొక్కి పెట్టెను నడిపించింది. అతను స్పీకరును బల్ల మీద పెట్టి, మూరెడు దూరం నుంచి చెయ్యి చాచి అట్టను నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు.

"ఏమీ తెలియడం లేదు. ముప్పై ఏళ్ల పని. ఇది పోతే నేనెందుకు? ఆ పెట్టెనే తీసేయమను."

"మళ్లీ రోజుకు నాలుగుసార్లు గోడకు తల బాదుకుంటారా?"

అతను మళ్లీ స్పీకరు మీద చెయ్యి వేశాడు. ఆమె లేచి, స్పీకరును లాక్కుని తన ఛాతీకి ఆనించుకుని, గదిలో ఆ చివరకు వెళ్లి నిలబడింది.

"ఎక్కడ నొక్కాలి? చెప్పండి."

"మధ్యలో. రెండు బొటనవేళ్లూ. మెల్లిగా, మెల్లిగా! గరగర ఉందా?"

"ఏమో. ఉన్నట్టే ఉంది."

"ఉన్నట్టేనా, ఉందా?"

"అరవకండి! మళ్లీ నొక్కుతున్నా."