ఎనిమిది వాయిల ప్లాను

నాకు కోపం ఎక్కువ. మా మేనేజరుకి తొందర ఎక్కువ. అందుకే ఆయన్ని ఫ్యాక్టరీలో అందరూ చాటుగా స్టాప్‌వాచ్ అంటారు. నన్నేమంటారో నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు.

మేం చేసేది కాఫీ కప్పులు. నెల రోజులుగా బట్టీలోంచి కప్పులు బీటలు వారి వస్తున్నాయి. కారణం ఏడింటిలో ఏదైనా కావచ్చు: మట్టి తడి, మట్టి రకం, పైన నున్నటి మెరుపు పూతకి వాడే గ్లేజు చిక్కదనం, గ్లేజులో ముంచే చెయ్యి, బట్టీ వేడి, కప్పులు పెట్టే అర, చల్లార్చే వేగం. ఒక్కోదాన్నీ రెండు రకాలుగా మార్చి అన్ని కలయికలూ చూడాలంటే నూట ఇరవై ఎనిమిది వాయిలు కాల్చాలి. చిన్న బట్టీలో రోజుకి ఒకటే వాయి.

"నాలుగు నెలలా! అప్పటికి మనం ఉంటామా?" అన్నాడు స్టాప్‌వాచ్.

ల్యాబులో ఆ లెక్కలు చూసేది నేనే. రెండు ప్లాన్లు వేశాను, ఒకటి ఎనిమిది వాయిలది, ఇంకోటి పదహారుది. పక్కపక్కన పెట్టి బేరీజు వేశాను కూడా. ఎనిమిదిలో ఒక తంటా ఉంది: ఒక్క కారణం చేసిన పనీ, రెండు కారణాలు కలిసి చేసిన పనీ ఒకేలా కనబడతాయి. పదహారులో అవి విడిపోతాయి. స్టాప్‌వాచ్ ఎనిమిది వాయిల కాగితం లాక్కుని "ఇది చాలమ్మా" అన్నాడు. ఊరికే లేచే నా నోరు సరిగ్గా ఆ రోజే మూతపడింది. గంగిరెద్దులా తలూపి వచ్చేశాను.

ఎనిమిది రోజుల్లో రెండు వాయిలు పగిలాయి. రెండూ మా పిన్ని ముంచినవే. పిన్ని అంటే మా అమ్మ సొంత చెల్లెలు, ఇరవయ్యారేళ్లుగా గ్లేజు బల్ల దగ్గరే ఉంది. రెండో చెయ్యి కొత్తమ్మాయిది. ఆ పిల్ల ముంచిన నాలుగు వాయిలూ భేషుగ్గా వచ్చాయి.

"పాపం, పెద్దావిడ. చెయ్యి వణుకుతోందేమో. సోమవారం నుంచి ప్యాకింగుకి పంపేద్దాం" అన్నాడు స్టాప్‌వాచ్.

పిన్ని నాకేసి చూడకుండా బల్ల తుడవడం మొదలెట్టింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

కాగితం మళ్లీ తీశాను. తడి మట్టి, తొందర చల్లార్పు జోడీగా వచ్చిన వాయిలు రెండే. రెండూ పిన్ని వంతుకే పడ్డాయి. కొత్తమ్మాయికి ఆ జోడీ ఒక్కసారీ రాలేదు. పగలగొట్టింది పిన్ని చెయ్యా, ఆ జోడీయా? అది తేల్చడం ఈ ప్లానుకి చేతకాదు. చేతకాదని నాకు ముందే తెలుసు.

"సర్, తప్పు పిన్నిది కాకపోవచ్చు, నాది మాత్రం ఖాయం. ఏడింటినీ తిరగేసి, అంటే పిన్ని ముంచిన చోట కొత్తమ్మాయి ముంచేలా, ఇంకో ఎనిమిది వాయిలు కాల్చాలి."

"మళ్లీ ఎనిమిది రోజులా? కుదరదు."

"అయితే నన్నూ ప్యాకింగుకే పంపండి. పిన్నీ నేనూ పక్కపక్కన కూర్చుని రోజంతా మీ గురించే మాట్లాడుకుంటాం."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. "ఎనిమిదంటే ఎనిమిదే. అప్పటిదాకా ఆవిడ ఇక్కడే ఉంటుంది."

బట్టీ చూసేది మా బావ, అక్క మొగుడు. "ఆదివారం కూడానా మరదలా?" అని గునిశాడు. "అక్కకి నేను చెప్పుకుంటాలే" అన్నాను.

ఈసారీ రెండు వాయిలే పగిలాయి. రెండింట్లోనూ అదే జోడీ. కానీ ముంచింది కొత్తమ్మాయి. పిన్ని ముంచిన నాలుగూ నిక్షేపంలా ఉన్నాయి.

"అయితే ఇప్పుడు ఈ పిల్లని పంపాలా?" అన్నాడు స్టాప్‌వాచ్.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవర్నీ పంపక్కర్లేదు సర్! మట్టిని ఆరనివ్వండి. బట్టీ తలుపు త్వరగా తెరవమని మా బావ ప్రాణం తియ్యకండి, చాలు!"

పరుగున వెళ్లి పిన్నికి చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

"పదహారుది ముందే వేశావా?"

"వేశాను."

"మరి గట్టిగా చెప్పలేదేం?"

"భయపడ్డాను పిన్నీ."

పిన్ని తన కుడిచేతి వంక చూసుకుంది. "వణుకుతోందనే నమ్మేశానే. ఈ ఎనిమిది రోజులూ ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకున్నా."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది, అందరి ముందే. పిన్ని ఒంటిచేత్తో ఒక కప్పు ముంచి, పైకి తీసి, అలాగే పట్టుకుని నాకేసి చూసింది.

"అటు జరిగి ఏడువు. గ్లేజులో పడితే అది ఎనిమిదో కారణం అవుతుంది."