పదమూడో నెల

"గ్యారంటీ తీరి పన్నెండు దినాలాయప్పా. ఇంక దాంతో మాకు సంబంధం లేదు."

చింతామణి బజారులో మోటార్లు అమ్మే అశ్వత్థప్ప ఈ మాట కోపంగా అనలేదు. కాగితం మడిచి మునినారాయణ చేతిలో పెట్టి, పక్కనున్న వాళ్లతో మాటల్లో పడ్డాడు. మునినారాయణ కదల్లేదు. మిట్టేమరి దగ్గరి పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాడు. ఉన్న చెక్క నేల కుదువపెట్టి తెచ్చుకున్న మోటారు అది. పొట్టకొచ్చిన వరి మడిలో నిలువునా ఎండుతోంది. మోటారు గుయ్యిమంటుంది గాని నీళ్లెత్తడం లేదని మళ్లీ చెప్పుకున్నాడు. చెమ్మ తగిలుంటుంది, తుడిచి వేసి చూడు పో అన్నాడు అశ్వత్థప్ప, తలెత్తకుండానే. అంగడి మెట్ల కింద నిలబడి మునినారాయణ పెండ్లాం కెంపమ్మ ఇదంతా చూసింది.

మరుసటి దినం పొద్దున తుడిచి వేసి చూశారు. మోటారు బావి లోపల, నీళ్లకు పైన కట్టిన గట్టు మీద ఉంటుంది. మునినారాయణ మెట్లు దిగాడు. పైన స్విచ్చి దగ్గర కెంపమ్మ నిలబడింది. లోపలి నుంచి "వెయ్యి" అని కేక వచ్చింది. వేసింది. మోటారు గుయ్యిమంది. ఆ తర్వాత మనిషి గొంతు రాలేదు. రెండుమార్లు పిలిచి, బావి అంచుకొచ్చి తొంగిచూసింది. మొగుడు మోటారు మీద చెయ్యానించి, దాని మాట ఏదో వింటున్నట్టు తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

లైనుమాను వచ్చి తీగ కోసినాకే శవాన్ని పైకి తీశారు. చావు దినాలు జరిగిపోయాయి. మోటారును మాత్రం బావిలోంచి తియ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కెంపమ్మ మళ్లీ ఎద్దులు కట్టి, తోలుబానతో నీళ్లు తోడే కపిల తోలింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి, తీగ కూడా లేని ఆ మోటారు బావిలో గుయ్యిమని మొదలుపెట్టేది. ఎద్దులు ఊరకే నిలబడేవి, వాటికి వినబడదు. ఆమెకు వినబడేది. కలుపు తీస్తున్నా, రాగులు విసురుతున్నా అదే మోత. కుడిచేత్తో అన్నం కలపడం మానేసింది. స్విచ్చి వేసిన చెయ్యి అది.

కోడలికి గాలి సోకిందని భయపడి అత్త అక్కయమ్మ ఆమెను మురుగమల్ల దర్గాకు తీసుకుపోయింది. అక్కడ గోడ వారన, ఉలుకూ పలుకూ లేని ఒకాయనకు తడిగుడ్డతో మొహం తుడుస్తూ ఒకామె కనబడింది. ఆమె పేరు మునివెంకటమ్మ, చింతామణి పక్క పల్లె. మోటారు కాలిపోయి, పంట పోయి, కుదువపెట్టిన చెక్క చెయ్యిజారినప్పటి నుంచి మొగుడు నోరు తెరవలేదంట. మాటకు మాట కలిసింది. ఇద్దరి మోటార్లూ అశ్వత్థప్ప అంగడివే. ఇద్దరివీ ఏడాది నడిచి, పదమూడో నెలలో సచ్చినవే. పక్కనున్న మరొకామె అది విని, మా తమ్మునిది గూడా అంతేనమ్మా అంది. ముగ్గురూ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నారు.

దర్గాలో కట్టిన తాయెత్తుతో మోత ఆగలేదు. కానీ కెంపమ్మ ఇంటికి పోలేదు. అత్తను ఊరి బస్సెక్కించి, తాను బాగేపల్లిలో రైతు సంఘం మీటింగుకు పోయింది. సంఘాన్ని నడిపే వెంకటరాయప్ప ఒకప్పుడు స్కూలు మేష్ట్రు, సంఘం పనిమీద జైలుకు పోయొచ్చినాక ఆ ఉద్యోగం ఊడింది. ఆ పొద్దు ముప్పైమంది దాకా కూడారు. ఆమె చెప్పింది విని పెద్దరైతు రామప్ప తల అడ్డంగా ఊపాడు. ఏడాది అని కాగితంలో ఉంది, వేలిముద్ర వేసింది మనమే, కోర్టుకు పోయినా నిలవదు అన్నాడు. కొందరు అవునన్నారు. ఇంకొందరు కర్మ అన్నారు. కరెంటు ఇచ్చిన సర్కారును అడగాలని ఒకడు, అంగడికి నిప్పు పెట్టాలని ఒకడు లేచారు.

కెంపమ్మ వాకిలి దగ్గరే నిలబడి ఉంది. "కాగితం సంగతి నాకు తెల్దప్పా," అంది. "పన్నెండు నెలలు నడిచి, పదమూడో నెలలో సావల్లని ఆ ఇనుముకు యాడనుంచి తెలిసె? దానికి లెక్క ఎవురు నేర్పినారు? అది అడగండి."

తల అడ్డంగా ఊపిన రామప్పే, మాదీ ఏడాది దాటి పోయిన నెలలోనే నిలిచింది, సిగ్గుకు చెప్పలేదు అన్నాడు. ఒక్కొక్కరూ నోరు విప్పారు. సచ్చిన మోటార్లన్నీ బండ్ల మీద చింతామణికి తోలుకుపోవాలని, అందరి ముందర విప్పి చూపించమని అడగాలని అక్కడే తీర్మానించారు. మునినారాయణ బావిలోకి వెంకటరాయప్ప మొదట దిగాడు. వెనకనే కెంపమ్మ దిగి, మొగుడు చెయ్యానించిన చోటే తన చెయ్యి పెట్టి మోటారు పట్టింది.

సంతరోజు పదిహేడు మోటార్లు అంగడి ముందర దిగాయి. సంతకొచ్చిన జనమంతా అక్కడే గుమిగూడారు. అశ్వత్థప్ప కాగితాలు చేతబట్టుకుని తేదీలు చదివాడు. ఒక్కటి కూడా గడువులో లేదు, న్యాయం నా పక్కనుంది అన్నాడు. తేదీ అడగలేదు, విప్పమంటున్నాం అన్నాడు వెంకటరాయప్ప. అంగడివాడు పోలీసులకు కబురు పంపించాడు.

మోటార్లకు తీగ చుట్టే పీరూసాబు లోపలి గదిలోంచి వచ్చి గడపలో నిలబడ్డాడు. ఇరవై ఏండ్లుగా ఆ అంగడిలో కూలి. కెంపమ్మ అతన్ని చూసింది. అతను ఆమెను చూడలేదు, ఆమె ముందరున్న మోటారునే చూస్తున్నాడు. పానా తెచ్చి, నేల మీద కూర్చుని, అడక్కుండానే దాని మరలు విప్పాడు. అశ్వత్థప్ప వద్దంటే వినలేదు. పై మూత తీసి, మిలమిలా మెరిసే కొత్త వార్నిషు గీకాడు. కింద నల్లగా కాలిన పాత తీగ బయటపడింది.

"బెంగుళూరులో మిల్లులోళ్లు పారేసిన పాతవి," అన్నాడు పీరూసాబు. "కాలిందాన్ని కొంచెం తీసి, కొత్తది కొంచెం చుట్టి, రంగేస్తాము. ఏడాది ఓర్చుకుంటాది, అంతకు మించి ఓర్చదు, కరెంటు పై ఇనుముకెక్కుతాది. ఇది చుట్టింది నేనేనమ్మా. ఆయప్ప సచ్చె అని విన్నప్పటినుంచి ఈ చేతులు నా మాట వినవు."

జనం ముందుకు తోసుకొచ్చారు. ఎవరో అతన్ని కొట్టడానికి చెయ్యెత్తాడు. కెంపమ్మ అడ్డం వచ్చి పీరూసాబు పక్కన కూర్చుంది.

"స్విచ్చి వేసింది నా చెయ్యన్నా," అంది. "చుట్టింది నీ చెయ్యి. మన ఇద్దరి చేతులకూ పని చెప్పినోడు లోపల కూర్చోనుండాడు."

ఎత్తిన చెయ్యి దిగింది.

అప్పుడే పోలీసు లారీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు కన్నడంలో రెండు ముక్కలు గద్దించి వెంకటరాయప్పనూ పీరూసాబునూ ఎక్కించాడు. తననూ ఎక్కించమని కెంపమ్మ లేచింది, పట్టించుకోలేదు. విప్పిన మోటారుతో సహా అన్నిటినీ లారీలో వెయ్యమని మండీ హమాలీలకు హుకుం చేశాడు. అవి లారీ ఎక్కితే మళ్లీ ఎవరి కంటా పడవని అందరికీ తెలుసు. హమాలీలకూ తెలుసు. వాళ్ల మేస్త్రీ తలగుడ్డ విప్పి భుజానేసుకుని, అంగడి ముందర ఒక మోటారు మీద కూర్చున్నాడు. మిగిలినవాళ్లూ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు లాఠీ ఎత్తాడు, చుట్టూ చూశాడు. ఆ జనంలో ఒక్కడూ కదల్లేదు, ఒక్కడూ అరవలేదు. లారీ ఇద్దరు మనుషులతోనే పోయింది.

పల్లెలవాళ్లు ఇండ్లకు పోలేదు. అక్కడే మూడు రాళ్లు పెట్టి సంగటి కెలికారు. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు కెంపమ్మకు మోత వినబడింది. తల ఎత్తలేదు, పిడచ కుడిచేత్తోనే తీసుకుంది.

మూడో దినం పొద్దున మురుగమల్ల దారి నుంచి సచ్చిన మోటార్లేసుకుని బండ్లు వచ్చాయి. మొదటి బండి పగ్గాలు మునివెంకటమ్మ చేతిలో ఉన్నాయి. వెనక ఇంకెన్ని బండ్లున్నాయో దుమ్ములో కనబడలేదు. యాడ దించల్ల అని అడిగిందామె.

కెంపమ్మ జరిగి చోటిచ్చింది. "ఈడనే దించండమ్మా," అంది.